పలక మీద గీసిన మిషన్

మొన్న ఒక కుర్ర ఇన్‌స్ట్రక్టర్ ఫోన్ చేశాడు. కొత్తగా ఐటీఐలో ఉద్యోగం వచ్చిందట. "సార్, మా బ్యాచ్ వాళ్లం ఒక గ్రూపు పెట్టుకున్నాం. మీ సర్వీసులోంచి ఒక మంచి జ్ఞాపకం రాసి పంపండి, మాకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నాడు.

స్ఫూర్తి! నాయనా, స్ఫూర్తి కావాలంటే శాలువాలు కప్పించుకున్నవాళ్లను అడగండి. వాళ్ల దగ్గర ఫొటోలు కూడా ఉంటాయి. నా దగ్గర మిగిలింది కోపం. రిటైరై ఇన్నాళ్లయినా చల్లారలేదు. మా డాక్టరు బీపీ మాత్ర మార్చినప్పుడల్లా, "ఏందయ్యా, ఇంకా దేని గురించి ఆలోచిస్తున్నావు?" అంటాడు. ఏసీ గది గురించి అని చెబితే నవ్వుతాడు. ఆయనకేం తెలుసు! ఆ గది సంగతే రాస్తున్నాను. చదివాక మీకూ కాస్త ఒళ్లు మండితే నా రాత దండగ కానట్టే.

నేను టర్నర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్ని. లేత్ మీద ఇనుప కడ్డీని తిప్పుతూ, కోసి, కావలసిన ఆకారానికి తేవడం నేర్పడం నా పని. సర్వీసు చివర్లో, సొంత ప్రాంతం కదా అని బతిమాలుకుని మార్కాపురం, గిద్దలూరు వైపు బదిలీ వేయించుకున్నాను. ఏ ఊరి ఐటీఐ అని అడగకండి, చెప్పను. ఆ దారిలో బస్సెక్కినవాళ్లకు చుట్టూ కందిచేలు, ఎండిపోయిన బోర్లు, పలకల గనుల దగ్గర పోసిన నల్లరాతి గుట్టలు కనిపిస్తాయి. మా పిల్లలు అక్కడినుంచి వచ్చేవాళ్లే. త్రిపురాంతకం నుంచి తెల్లారకముందే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు కొందరు, చంద్రశేఖరపురం వైపునుంచి వచ్చి ఊళ్లో గది తీసుకుని వండుకు తినేవాళ్లు కొందరు.

నేను చేరిన రోజు స్టోర్ కీపర్ నన్ను వర్క్‌షాపు అంతా తిప్పాడు. నా కంటే కొంచెం చిన్నవాడు, నుదుట ఎప్పుడూ కుంకుమ, నడుముకు తాళాల గుత్తి. పాత లేతులు చూపించాడు. బెల్టులు అరిగిపోయి, బేరింగులు మూలుగుతూ ఉన్నా నడుస్తున్నాయి. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, అసలుది ఇంకోటుంది, రా" అని చివరి గదికి తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పించాడు. తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. లోపల నీలిరంగు టార్పాలిన్ కప్పుకుని ఒక పెద్ద యంత్రం ఉంది.

అది సీఎన్‌సీ లేత్. అంటే కంప్యూటరులో మనం రాసిచ్చినట్టు తనంతట తానే కొలత తప్పకుండా కోసే లేత్. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీకి పోయినా అదే ఉంటుంది. నేను చేరకముందే ఏదో స్కీములో వచ్చిందట. దుమ్ము పడకూడదని గది కట్టారు, వేడి తగలకూడదని ఏసీ పెట్టారు. స్టోర్ కీపర్ టార్పాలిన్ ఒక మూల ఎత్తి చూపించాడు. యంత్రం నుదుటి మీద పసుపు కుంకుమలు పొరలు పొరలుగా ఎండి ఉన్నాయి. ప్రతి దసరాకీ ఆయుధపూజ చేస్తారట, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి. కింద ఇనుప రజను పడే పళ్లెం మాత్రం అద్దంలా మెరుస్తోంది. దానిలో ఒక్క రజను ముక్క పడిన జాడ లేదు.

"ఎవరు నడుపుతారు దీన్ని?" అన్నాను.

"నడపడమేందన్నా!" అని నా వైపు వింతగా చూశాడు. "చెడిపోతే ఎవరు కట్టాల? కంపెనీవాళ్లు వచ్చి బిగించినప్పుడు ఒకసారి తిప్పి చూపించినారు. మళ్ల ముట్టలే. కొత్తది కొత్తగానే ఉంది చూడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత గర్వం! నేను ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. అంతకుముందు పనిచేసిన చోట ఎవరో పిల్లవాడి చేతిలో డ్రిల్లింగ్ మిషన్ మోటారు కాలిపోతే, పూచీ ఈయనదేనని జీతంలో కోశారట. ఆ దెబ్బకు మనిషి భయపడిపోయాడు. మన డిపార్టుమెంటులో యంత్రం చెడిపోతే అడిగేవాళ్లు పదిమంది ఉంటారు. పిల్లవాడికి పని రాకపోతే అడిగేవాడు ఒక్కడూ ఉండడు. ఇది మీరు చేరిన మొదటి వారంలోనే అర్థం చేసుకుంటారు, ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ ఆ గదిని ఎవరూ వాడటం లేదనుకుంటే పొరపాటు. బ్రహ్మాండంగా వాడేవారు. మా వైపు ఎండలు తెలుసు కదా, రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబడితే తల మాడిపోతుంది. ప్రిన్సిపాలు గారికి ఆఫీసులో ఫ్యాను గాలి చాలేది కాదు. అందుకని భోజనం అక్కడే, స్టాఫ్ మీటింగులు అక్కడే, మధ్యాహ్నం కాసేపు కునుకు కూడా అక్కడే. యంత్రం మీద మడత పెట్టిన దుప్పటి వేసి దాని మీద టిఫిన్ క్యారియర్లు పెట్టుకునేవారు. యంత్రానికి మెయిన్ స్విచ్ ఆపేసేవారు, ఏసీకి మాత్రం ఆపేవారు కాదు. పిల్లలకు ప్రవేశం లేదు. కాళ్లకు దుమ్ము ఉంటుందట!

నేను తాళం అడిగాను. ఒకసారి కాదు, వచ్చినప్పటినుంచి అడుగుతూనే ఉన్నాను. ప్రిన్సిపాలు గారు పెద్ద చదువులు చదివినవాడు, నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. అదే నాకు ఇంకా మంట. "చూద్దాం మాస్టారూ, ఆడిట్ అయిపోనీయండి" అనేవాడు. ఆడిట్ అయ్యాక, "ఇన్‌స్పెక్షన్ ఉంది" అనేవాడు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక, "ఇప్పుడెందుకు రిస్కు, మీ రిటైర్మెంటు కూడా దగ్గర పడుతోంది" అని నా మీద జాలిపడేవాడు. సిలబస్‌లో సీఎన్‌సీ ఉంది, పరీక్షలో సీఎన్‌సీ ఉంది, గదిలో సీఎన్‌సీ ఉంది. పిల్లల చేతికి మాత్రం లేదు. వాళ్లకు సుద్దముక్కతో బోర్డు మీద చెప్పమన్నారు. ఈత గురించి బోర్డు మీద ఎంతసేపు చెబుతారయ్యా?

ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. టర్నర్ ట్రేడ్‌లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. గిద్దలూరులో వాళ్ల నాన్న బోరు మోటార్లకు వైండింగ్ కట్టే చిన్న షాపు నడిపేవాడు. చిన్నప్పటినుంచి రాగితీగలూ, గ్రీజూ, స్పానర్ల మధ్య పెరిగిన పిల్ల. దుపట్టా రెండు చుట్లు చుట్టి నడుముకు బిగించి కట్టుకుని లేత్ ముందు నిలబడితే ఇక ఎవరి వైపూ చూసేది కాదు. కోసేటప్పుడు వచ్చే శబ్దాన్నిబట్టి టూలు మొద్దుబారిందని చెప్పేసేది. నోరు కూడా తక్కువేం కాదు.

చేరిన కొత్తలో వాళ్ల నాన్న వచ్చి నాతో అన్న మాటలు నాకు గుర్తే. "సార్, ఇంట్లో అందరూ వద్దన్నారు. దీని మామూకు, అంటే నా బామ్మర్దికి, మార్కాపురంలో గాజుల దుకాణం ఉంది. అక్కడ కూర్చోబెట్టు, నీడపట్టున ఉంటది అన్నారు. ఇది ఏడ్చి గోల చేసింది. సరే, రెండేండ్లు చదువుకో, ఉద్యోగం వస్తే పో, రాకపోతే దుకాణంలో కూర్చోవాల అని మాట తీసుకున్నా."

పక్కనే నిలబడి ఉన్న ఆ పిల్ల, "వస్తది అబ్బా, రాకుండా ఏడికి పోతది?" అంది. ఆయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వయసు పిల్లల భరోసా చూస్తే నాకు అప్పుడప్పుడు భయమేసేది, ఎందుకంటే నేను ఆ తాళం వేసిన గదిని చూసినవాణ్ని.

ఎన్నాళ్లు అడిగినా తాళం రాకపోయేసరికి ఒకరోజు నాకు విసుగెత్తింది. మా పిల్లల్లో ఒకడి నాయన పలకల గనిలో పనిచేస్తాడు, ఆయనతో చెప్పి వెడల్పాటి పలకరాయి ఒకటి తెప్పించాను. బడిపిల్లల పలక కాదు, ఇద్దరు పట్టుకుని మోయాల్సినంత బండ. యంత్రంతో పాటు వచ్చిన కంపెనీ పుస్తకం ఎలాగూ బీరువాలో తాళం వేసి ఉంది కాబట్టి, సిటీలో ట్రైనింగుకి పోయినప్పుడు ఫోనులో తీసుకున్న ఫొటో చూసి, సీఎన్‌సీ యంత్రానికి ఉండే మీటల బోర్డు మొత్తం ఆ రాతి మీద పెయింటుతో గీశాను. ఎర్రది ఆపేది, ఆకుపచ్చది నడిపేది, అంకెలు, అక్షరాలు, గుండ్రంగా తిప్పే చక్రం. పైన ఒక చతురస్రం, అది స్క్రీను. నేను పక్కన నిలబడి, "స్క్రీను మీద ఇది వచ్చింది, ఇప్పుడేం చేస్తావు?" అని అడిగేవాణ్ని. పిల్లలు ఆ రాతి మీద గీసిన మీటలను నొక్కేవాళ్లు.

నవ్వొస్తోందా? నాకూ మొదట్లో నవ్వొచ్చింది. పక్క గదిలో అసలు యంత్రం చల్లగా నిద్రపోతుంటే, ఈ పక్క రేకుల కింద చెమటలు కక్కుతూ పిల్లలు రాయిని నొక్కుతున్నారు. ఆ అమ్మాయి అయితే కళ్లు మూసుకుని నొక్కేది. నొక్కి నొక్కి ఆకుపచ్చ మీట మీద రంగు పోతే మళ్లీ తనే వేసింది.

"సార్, ఇది నొక్కితే అది ఎట్ల కదుల్తది? దడదడమని వస్తదా, మెల్లగ వస్తదా?" అని అడిగింది ఒకసారి. నేను చేత్తో చూపించాను. దానికంటే ఏం చేయను!

ఫైనల్ పరీక్షలు అయ్యాక ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. నెల్లూరు అవతల కార్లకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. మా ఐటీఐలో సీఎన్‌సీ ఉందని తెలిసి, ఇక్కడికే వచ్చి పిల్లల్ని చూసి అప్రెంటిస్‌లుగా తీసుకుంటామన్నారు. హాస్టలు, స్టైపెండు, బాగా చేస్తే అక్కడే ఉద్యోగం. మా పిల్లలకు అలాంటి పిలుపు రావడం అదే మొదలు. అమ్మాయి వాళ్ల నాన్న షాపు మూసేసి మరీ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. వానాకాలం అని పేరేగానీ ఆ రోజు చినుకు లేదు, నిప్పులు చెరిగే ఎండ.

వచ్చిన ఇంజనీరు చిన్నవాడే. తాను కూడా ఐటీఐ నుంచే మొదలుపెట్టానని చెప్పాడు. ప్రిన్సిపాలు గారు ముందురోజే పిల్లల్ని పిలిచి, "సీఎన్‌సీ నడిపారా అని అడిగితే నడిపామని చెప్పండి" అని నేర్పి పెట్టారు. అడిగాడు. వరసగా అందరూ తల వంచుకుని నడిపామన్నారు. ఆ అమ్మాయి మాత్రం నోరు విప్పలేదు.

"సరే, రండి. ఆ మిషన్ మీదే ఒక చిన్న ముక్క కోసి చూపించండి" అని ఇంజనీరు లేచాడు.

ప్రిన్సిపాలు గారు ఏమాత్రం తొణక్కుండా, "అయ్యో, ఈరోజు త్రీ ఫేజ్ కరెంటు లేదండీ. ఈ వైపు సప్లై సంగతి మీకు తెలియంది కాదు" అన్నారు.

"సార్, మా లేత్ నడుస్తాంది కదా సార్! అది త్రీ ఫేజే" అంది అమ్మాయి. నిజమే. పక్క షెడ్డులో పాత లేత్ గుయ్యిమని తిరుగుతున్న శబ్దం అందరికీ వినిపిస్తూనే ఉంది. ఇంజనీరు ప్రిన్సిపాలు గారి ముఖంలోకి చూశాడు. ఆ క్షణంలో నాకు భూమి చీలి ఆయన అందులోకి పోతే బాగుండుననిపించింది. పోలేదు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"తాళం తీయ్" అన్నాను స్టోర్ కీపర్‌తో.

"సార్ చెప్పాలన్నా."

"ఇంకా ఏం చెప్పాల? వచ్చినాయన అడుగుతున్నాడు, పిల్లలు నిలబడి ఉన్నారు. తీస్తావా, తలుపు పగలగొట్టమంటావా?"

తీశాడు. క్యారియర్లు దించాడు, దుప్పటి తీశాడు, టార్పాలిన్ లాగాడు. పిల్లలు మొదటిసారి ఆ గదిలోకి వచ్చారు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, గోడకు అంటుకుని నిలబడ్డారు. నేను మెయిన్ వేసి స్విచ్ నొక్కాను. స్క్రీను వెలిగింది. వెలిగి, ఎర్రటి అక్షరాలతో నిండిపోయింది. ఒక హెచ్చరిక చెరిపితే ఇంకోటి వస్తోంది. యంత్రం ఏ మీటకీ పలకడం లేదు.

ఇంజనీరు వంగి చూశాడు. "దీన్ని ఎన్నాళ్లుగా ఆన్ చేయలేదు మీరు?" అన్నాడు.

స్టోర్ కీపర్ దుప్పటి మడత పెట్టసాగాడు.

"కరెంటు ఆపినప్పుడు దీని జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి లోపల బ్యాటరీలు ఉంటాయి. రోజూ నడుపుతూ, ఏడాదికోసారి మారిస్తే ఏ బాధా లేదు. ఇట్ల ఏండ్లకేండ్లు ఆపి పెడితే అవి చచ్చిపోతాయి. దీని బుర్రలో ఏమీ మిగల్లేదు సార్. తానెవరో దానికే తెలియదు ఇప్పుడు."

విన్నారా? చెడిపోతుందని దాచారు. దాచినందుకే చెడిపోయింది. పిల్లల చేతులు తగిలితే పాడవుతుందనుకున్న యంత్రాన్ని, ఏ చేయీ తగలకుండా, కుంకుమబొట్లు పెట్టి, ఏసీలో పడుకోబెట్టి చంపారు.

అప్పుడు ఆ అమ్మాయి బయటికి పరుగెత్తింది. ఇంకో పిల్లవాణ్ని పట్టుకుని ఆ పలకరాయిని మోసుకొచ్చి ఇంజనీరు ముందు పెట్టింది. "సార్, మాకు మీటలన్నీ వచ్చు సార్. అడగండి." ఆయన అడిగాడు. ఆ పిల్ల వేళ్లు రాతి మీద టకటకా కదిలాయి. ఒక్కటీ తప్పలేదు. ఆయన వంగి రాతి మీద రంగు అరిగిన మీటలను వేలితో తడిమాడు. నవ్వుతాడేమోనని నేను పిడికిలి బిగించుకుని ఉన్నాను. నవ్వలేదు.

"పాత లేత్ మీద పరీక్ష పెట్టండి సార్" అంది ఆమె. "ఎట్లాంటి ముక్క అయినా కోసి చూపిస్తా."

"మా దగ్గర పాత లేత్ ఒక్కటి కూడా లేదమ్మా" అన్నాడాయన. మెత్తగానే అన్నాడు. "నాకు మిషన్ నడిపిన చేతులు కావాల. నీకు బుర్ర ఉంది, చేతులకు అలవాటు లేదు. అది నీ తప్పు కాదు." తర్వాత నావైపు తిరిగి, "బాగు చేయించి వీళ్లను ఒక నెల నడపనీయండి సార్. ఫోన్ చేయండి, నేనే మళ్లీ వస్తా" అని నంబరు ఇచ్చాడు.

కారు గేటు దాటగానే నేను ఊరుకోలేదు. అందరి ముందే అరిచాను. "ఏంది సార్, ఇది మీ ఇంటి బీరువానా తాళమేసి పెట్టుకోవడానికి? మీ కూరగిన్నెలు పెట్టుకోను తెచ్చినారా దీన్ని? ఈ పిల్లలు ఇన్నాళ్లూ రాయి నొక్కినారు సార్, రాయి! మీ పిల్లలయితే నొక్కనిస్తారా?"

ప్రిన్సిపాలు గారు రుమాలుతో నుదురు తుడుచుకుని, "మాస్టారూ, ఆవేశపడకండి, మీకు బీపీ ఉంది" అన్నారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా పళ్లు పటపటలాడతాయి.

గేటు దగ్గర అమ్మాయి వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు. "నెల రోజులు ఆగితే వస్తానన్నాడంట కదా సార్?" అన్నాడు. వస్తాడని చెప్పాను. "అయితే అప్పటిదాకా దుకాణంలో కూర్చుంటది. మాట ఇచ్చింది కదా" అన్నాడు. ఆ పిల్ల తల ఎత్తకుండా ఆయన వెనకాల బస్టాండు వైపు నడిచింది.

నేను యంత్రం తయారుచేసిన వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. పోరగా పోరగా టెక్నీషియన్ వచ్చాడు. ఖర్చు నాదంటే స్టోర్ కీపర్ గది తలుపు తీశాడు. బ్యాటరీలు మార్చాడు, దాని లెక్కలన్నీ మళ్లీ ఎక్కించాడు. సాయంత్రానికి యంత్రం చక్కగా తిరిగింది. నేను ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే వచ్చెయ్ తల్లీ, మిగతావాళ్లకు కూడా చెప్పు" అన్నాను. అటువైపు గాజుల గలగల మధ్య, "నిజంగానా సార్? తిరుగుతాందా సార్?" అని అరిచింది.

మర్నాడు పొద్దున గది తాళం మీద ఇంకో తాళం ఉంది. నా బల్ల మీద మెమో ఉంది. అనుమతి లేకుండా విలువైన యంత్రాన్ని ఆన్ చేసి అది చెడిపోవడానికి కారణమైనందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలట! ఎంక్వైరీ తేలేదాకా యంత్రాన్ని ఎవరూ ముట్టరాదు, అది సాక్ష్యం అని పైనుంచి ఆదేశం. బాగైన యంత్రం ఎట్లా సాక్ష్యమవుతుందయ్యా? బస్సులు దిగి నవ్వుకుంటూ వచ్చిన పిల్లలు ఆ రెండు తాళాలూ చూసి వెనక్కి పోయారు. యంత్రం ముట్టొద్దన్నారు గానీ ఏసీ ముట్టొద్దనలేదు కదా. మధ్యాహ్నం భోజనాలు ఎప్పటిలాగే అక్కడే సాగాయి.

స్టోర్ కీపర్ ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నేనేం రాయలేదు నీ మీద, అమ్మతోడు" అన్నాడు.

"రాయలేదని నాకు తెలుసు. తాళం వేసింది నువ్వే కదా" అన్నాను.

"వేయమంటే వేసినా. నాకు ఇంకా ఇద్దరు పిల్లల చదువులున్నాయన్నా" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను ఓదార్చలేదు. చదువుల మాట ఆయన నోట విన్నాక నాకు ఓదార్చబుద్ధి కాలేదు.

నెలలు గడిచాయి. ఎంక్వైరీ ఇదిగో అదిగో అన్నారు. చలికాలం పోయింది. ఇంజనీరు రెండుసార్లు తనే ఫోన్ చేసి అడిగాడు, ఏం చెప్పను? మూడోసారి నేను చేస్తే అతను వేరే కంపెనీకి మారాడని ఇంకెవరో చెప్పారు. "అటువైపు ఇప్పుడు రావడం లేదండీ" అన్నాడా కొత్తాయన. ఆ కబురు ఆ పిల్లకు చెప్పడానికి మార్కాపురం గాజుల దుకాణానికి పోయాను. ఆడవాళ్ల చేతులకు సబ్బు రాసి గాజులు ఎక్కిస్తోంది. విని, "సరే సార్" అంది. అంతే. అంతకుముందు ఏ మాటకైనా ఎదురు మాట అనే పిల్ల అది.

మే నెలలో, నా రిటైర్మెంటుకు కొన్ని రోజుల ముందు, ఎంక్వైరీ ఆఫీసర్ వచ్చాడు. కారు దిగుతూనే, "అబ్బ, ఏం ఎండలండీ బాబూ!" అన్నాడు. ప్రిన్సిపాలు గారు, "ఏసీ గదిలో కూర్చుందాం సార్" అన్నారు. అవునండీ, ఆ గదిలోనే! యంత్రం చెడిపోవడం మీద ఎంక్వైరీని ఆ యంత్రం పక్కనే, దాని మీద ఫైళ్లు పెట్టుకుని, కూల్‌డ్రింకులు తాగుతూ చేశారు.

సాక్ష్యానికి పాత బ్యాచ్ పిల్లల్ని పిలిపించారు. ఆ అమ్మాయి కూడా మామూను గంటసేపు సెలవడిగి వచ్చింది. ఆఫీసరు ఒక్కొక్కర్నీ ఒకటే ప్రశ్న అడిగాడు. "నువ్వు ఈ మిషన్ను ముట్టుకున్నావా?" "లేదు సార్." "నువ్వు?" "లేదు సార్." ప్రతి జవాబుకీ ఆయన ముఖం విప్పారుతోంది. "గుడ్" అంటూ రాసుకుంటున్నాడు. ప్రిన్సిపాలు గారు తృప్తిగా తల ఊపుతున్నారు. విద్యార్థుల వల్ల యంత్రానికి ఏ హానీ జరగలేదని తేలిపోయింది. అందరికీ మంచి పేరు వచ్చింది. ఇక మిగిలింది నేనొక్కణ్నే.

నేను అరుద్దామని లేచాను. ఇంతలో ఆ అమ్మాయి వంతు వచ్చింది.

"నువ్వు ముట్టుకున్నావామ్మా?"

"లేదు సార్."

"రెండేళ్లలో ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు సార్."

"వెరీ గుడ్" అని ఆయన కలం కాగితం మీద పెట్టాడు.

ఆ పిల్ల కదల్లేదు. ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, ఆఫీసరు పక్కనుంచి నడిచి యంత్రం దగ్గరికి పోయింది. టార్పాలిన్‌ను చేత్తో పక్కకు తోసి, అరచెయ్యి మొత్తం ఆ ఇనుము మీద ఆనించింది. మోచేతి దాకా ఉన్న దుకాణం గాజులు టక్కున కొట్టుకున్నాయి. ప్రిన్సిపాలు గారు, "ఏయ్, ఏయ్ అమ్మాయ్!" అంటూ సగం లేచారు. ఆమె చెయ్యి తీయలేదు.

"ఇప్పుడు ముట్టుకున్నా సార్. రాసుకోండి" అంది.

ఆయన రాసుకోలేదు. అందుకే నేను రాశాను.